నొప్పికీ నొప్పికీ నడుమ



ఈ పూట నేను మాట్లాడేది ముఖ్యంగా ఏడో నెలో ఎనిమిదో నెలో నడుస్తున్న అమ్మాయిలతో. అమ్మ, అత్తగారు, అక్క, భర్త, ఎవరు దగ్గరుంటే వాళ్లను కూడా రేడియో దగ్గరికి పిలవండి. నేను చెప్పబోయేదాంట్లో సగం పని వాళ్లదే.

నేను కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. కడుపుతో ఉన్న పిల్ల కనబడితే మనవాళ్లు మొట్టమొదట చేసే పని ఏమిటో మీకూ తెలుసు. తమ కాన్పు కథ ఎత్తుకుంటారు. రెండు రాత్రులు అల్లాడిపోయానని ఒకావిడ, మా చెల్లెలు చచ్చి బతికిందని ఇంకొకావిడ. కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అన్న మాట ఎలాగూ ఉండనే ఉంది. ఇవి చాలవన్నట్టు సినిమాలు. ఉరుములు, మెరుపులు, ఇల్లు ఎగిరిపోయేలా ఒక కేక, వరండాలో పచార్లు చేసే హీరో, లోపల్నుంచి వేడినీళ్లు తెమ్మని అరిచే ముసలమ్మ. ఆ వేడినీళ్లతో ఏం చేశారో ఏ సినిమాలోనూ చూపించరు, అది వేరే సంగతి. నెలల తరబడి ఇవే విని, ఇవే చూసిన పిల్ల మొదటి నొప్పి రాగానే ఏం చేస్తుంది? పిడికిళ్లు బిగిస్తుంది. పళ్లు కొరుకుతుంది. భుజాలు చెవులదాకా లేస్తాయి. ఊపిరి బిగబట్టేస్తుంది. వచ్చిన నొప్పికి ఇంకాస్త నొప్పి తనే చేర్చుకుంటుంది.

ఇంగ్లండులో గ్రాంట్లీ డిక్ రీడ్ అనే ప్రసూతి వైద్యుడు ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నాడు. లండన్‌లో ఒక పేదింటి కాన్పుకి వెళ్లినప్పుడు ఆ తల్లి క్లోరోఫాం వద్దందట. గొడవేమీ లేకుండా బిడ్డను కని, తనకు అంత నొప్పి అనిపించలేదని చెప్పిందట. ఆ మాట ఆయన్ను వదల్లేదు. 1933లో సహజ ప్రసవం మీద ఒక పుస్తకం, 1942లో ఇంకా పెద్ద పుస్తకం రాశాడు. భయం వల్ల ఒళ్లు బిగుస్తుంది, బిగువు వల్ల నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగితే మళ్లీ భయం పెరుగుతుంది, ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి అన్నది ఆయన వాదం. ఆ ముక్క నాకు నచ్చుతుంది. కానీ భయం తీసేస్తే నొప్పే ఉండదన్నంత దూరం వెళ్లాడు చూశారూ, అక్కడ ఆయనతో నాకు పేచీ. మన దగ్గరా ఇలాంటి మాటే ఒకటి ఉంది, పొలం పనికి పోయే ఆడవాళ్లకు నొప్పులు తెలియవని. శుద్ధ అబద్ధం. వాళ్లకూ నొప్పులు వస్తాయి. ఎవరూ అడగరు కాబట్టి వాళ్లు చెప్పరు.

అదే కాలంలో అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే ఆయన, ఒక్కో కండరాన్నీ కావాలని బిగించి, తర్వాత వదిలి, ఆ తేడాను మనసుకు పట్టించే పద్ధతిని తయారుచేశాడు. 1929లో పుస్తకంగా వచ్చింది. ఫ్రాన్సులో ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ యూనియన్ వెళ్లి, అక్కడి డాక్టర్లు కాన్పుకు ముందే తల్లులకు పాఠాలు చెప్పి, ఊపిరి పద్ధతులు నేర్పడం చూసి, పారిస్ తిరిగొచ్చి దాన్నే మొదలుపెట్టాడు. ఇవాళ మన హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో పెద్ద ఆసుపత్రులు పెడుతున్న ‘లమాజ్ క్లాసులు’ ఆయన పేరు మీదివే. చరిత్ర ఇంతటితో చాలు.

ఇప్పుడు లోపల జరిగేది చెబుతాను. గర్భసంచి మన మాట వినే కండరం కాదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతుంది, గర్భసంచిని ముడుచుకో అంటే ముడుచుకోదు, ఆగమంటే ఆగదు. తన పని తనకు తెలుసు. మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరుతుంటుంది, దాని బలంతో గర్భసంచి పట్టుకుని వదులుతూ, కింద మూతిని కొంచెం కొంచెంగా తెరుస్తుంది. పది సెంటీమీటర్లు తెరుచుకోవాలి. అయితే ఈ ఆక్సిటోసిన్‌కి హడావుడి పడదు. భయం వేస్తే అడ్రినలిన్ పుడుతుంది, పరిగెత్తు, తప్పించుకో అని ఒంటికి చెబుతుంది. కాన్పు మొదటి దశలో అది ఎక్కువైతే నొప్పులు సన్నగిల్లవచ్చు, కాన్పు ఆలస్యం కావచ్చు. ఇంట్లో జోరుగా వస్తున్న నొప్పులు ఆసుపత్రి గేటు దాటగానే మందగించడం నేను చాలాసార్లు చూశాను.

ఒక చిన్న లెక్క చెబుతాను. నొప్పులు బాగా కుదురుకున్నాక ఇంచుమించు నాలుగు నిమిషాలకొకటి వస్తుందనుకోండి. ఒక్కోటి నిమిషం ఉంటుందనుకోండి. గంటకు పదిహేను నొప్పులు. అంటే పదిహేను నిమిషాలు నొప్పి, నలభై ఐదు నిమిషాలు నొప్పి లేని సమయం. చివరికొచ్చేసరికి ఈ సందు తగ్గుతుంది, కాదనను. కానీ చాలా గంటలపాటు లెక్క ఇలాగే ఉంటుంది. మన పిల్లలు ఏం చేస్తారంటే ఆ నలభై ఐదు నిమిషాలు కూడా రాబోయే నొప్పి కోసం బిగుసుకుని కూర్చుంటారు. అసలు పని వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. నన్నడిగితే నేర్చుకోవాల్సిందల్లా ఆ నడిమి నిమిషాల్లో ఒళ్లు వదిలేయడం. నొప్పిలో వదలడం తర్వాతి మెట్టు, అది దీని వెనకే వస్తుంది.

సీమంతానికి గాజులు తొడిగించుకున్నారు కదా? అప్పుడు గాజులాయన ఏమన్నాడు? చెయ్యి బిగబట్టకమ్మా, వదులుగా పెట్టు అన్నాడు. వేళ్లు బిగిస్తే ఎంత పెద్ద గాజైనా మణికట్టు దాకా రాదు, పైగా గీసుకుపోతుంది. చెయ్యి ఆయనకు వదిలేసి పక్కావిడతో కబుర్లలో పడితే, చిన్న గాజు కూడా ఎప్పుడెక్కిందో తెలియదు. కాన్పుకీ అదే కిటుకు. చెయ్యి వదలడమైతే అక్కడికక్కడ చేసేస్తాం. ఒళ్లంతా వదలాలంటే కొన్ని వారాల సాధన కావాలి. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టండి. రోజుకు పావుగంట చాలు.

రేడియోలో చెప్పడంలో ఒక సౌకర్యం ఉంది, వింటూనే చేసేయొచ్చు. బండి నడుపుతూ వింటున్నవాళ్లు మాత్రం దయచేసి ఇప్పుడు చెయ్యకండి.

ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా పడుకోవద్దంటాం, గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట కింద మడత పెట్టిన చీర. ఇప్పుడు కుడిచేతి పిడికిలి బిగించండి. ఇంకా గట్టిగా. మోచెయ్యి దాకా ఆ బిగువు తెలుస్తోందా? ఊపిరి వదులుతూ మెల్లగా విప్పేయండి. వేళ్లు వాటంతటవే ఎలా పడితే అలా పడనివ్వండి.

(కొద్ది విరామం)

ఎడమ చెయ్యి కూడా అలాగే. తర్వాత భుజాలు. చెవుల వైపు ఎత్తండి, ఒక క్షణం ఉంచండి, వదిలేయండి. నుదురు ముడవండి, వదలండి. ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, దవడ. పళ్లు ఒకసారి బిగించి వదిలేయండి. పెదాలు కొంచెం విడిపోవాలి, నాలుక కింద పళ్ల వెనక మెత్తగా పడుండాలి. అమెరికాలో ఐనా మే గాస్కిన్ అనే మంత్రసాని, టెన్నెసీ రాష్ట్రంలో పల్లె లాంటి చోట ఎన్నో కాన్పులు చేసినావిడ, నోరు వదులైతే కింద కూడా వదులవుతుందని చెప్పేది. ఆవిడ చదువుకుని చెప్పిందో, చూసి చెప్పిందో కానీ, వార్డులో నాకైతే అది ఎప్పుడూ పనికొచ్చింది. పళ్లు కొరికే పిల్లను ఆ పని మాన్పించి, నోరు తెరిచి లోగొంతుతో ‘ఆ...’ అనమంటే రెండు మూడు నొప్పుల్లోనే ఒళ్లు తేలికపడేది. కీచుగా అరిస్తే గొంతు బిగుస్తుంది. లోతుగా మూలిగితే వదులవుతుంది. మూలగడానికి సిగ్గుపడకండి.

ఇక పిరుదులు, తొడలు, పాదాలు. ఒకటొకటిగా బిగించి వదలండి. పిక్కలు పట్టేసే అలవాటు ఉంటే బొటనవేళ్లను గట్టిగా చాచొద్దు. ఈలోపు నిద్రపట్టేస్తే పట్టనివ్వండి, అదేమీ తప్పు కాదు.

ఊపిరి సంగతి. సినిమాల్లో హా హా హా అని కుక్క రొప్పినట్టు రొప్పిస్తారే, అలా చేస్తే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. మీరు చెయ్యాల్సింది ముక్కుతో మామూలుగా తీసుకుని, నోటితో పొడుగ్గా వదలడం. తీసుకున్నదానికన్నా వదిలేది కాస్త ఎక్కువసేపు. ఒళ్లు వదులయ్యేది ఊపిరి వదిలేటప్పుడే. ఆ సంగతి గుర్తుంటే మిగతాది అదే వస్తుంది.

వారం పది రోజులకు ఇది ఒంటబడుతుంది. అప్పుడు పరీక్ష. ఫ్రిజ్‌లోంచి ఒక ఐసు ముక్క తీసి గుప్పిట్లో పెట్టుకోండి, ఎదురుగా గడియారం పెట్టుకోండి. ఒక్క నిమిషం. ఇరవై సెకన్లకే చెయ్యి లాగేస్తుంది, పారెయ్యాలనిపిస్తుంది. ఆ చెయ్యి తప్ప మిగతా ఒళ్లంతా వదులుగా ఉంచి, పొడుగ్గా ఊపిరి వదులుతూ నిమిషం గడపండి. తర్వాత రెండు నిమిషాలు విశ్రాంతి, రెండో చేత్తో మళ్లీ. ఐసు ముక్కకీ కాన్పు నొప్పికీ పోలికేమిటని నవ్వకండి. నొప్పి ఎంతన్నది కాదు, ఒకచోట బాధ ఉండగా మిగతాచోట్ల బిగుసుకోకుండా ఉండటం సాధ్యమేనని మీ ఒంటికి తెలియడం ముఖ్యం.

ఇప్పుడు ఊహ. కళ్లు మూసుకుని మనసులో ఒక బొమ్మ కట్టుకోవడం. ఇంగ్లీషు పుస్తకాల్లో పువ్వు విచ్చుకుంటున్నట్టు ఊహించుకోమంటారు. కొందరికి అది బాగుంటుంది. కానీ అరువు బొమ్మకన్నా మీరు చూసిన చోటు, మీ ఒంటికి తెలిసిన చోటు ఎప్పుడూ మేలు. భీమిలి దగ్గర సముద్రం పక్కనే పెరిగిన అమ్మాయి ఒకామె, నొప్పి వచ్చినప్పుడల్లా కెరటం లేస్తోందని, దాని మీద తేలాలని అనుకునేది. కెరటానికి ఎదురు నిలబడితే పడేస్తుంది, దాని మీదికెక్కితే దాటిపోతుంది అని తనే నాకు చెప్పింది. ఇంకొకావిడది అలిపిరి మెట్ల బొమ్మ. ఏటా కొండ నడిచి ఎక్కే మనిషి. మోకాళ్ల పర్వతం దగ్గర పైకి చూడకూడదండీ, కాళ్ల ముందున్న మెట్టే చూడాలి అనేది. నొప్పి వస్తే ఒక మెట్టు, పోతే పక్కన కూర్చోవడం. ఎన్ని మెట్లున్నాయని లెక్కపెట్టుకునే పని లేదు. ఈ రెండు బొమ్మలూ ఎందుకు పనికొచ్చాయో చూడండి. నొప్పికి ఒక ఎత్తు ఉంటుంది, అది ఎక్కుతుంది, శిఖరం తగులుతుంది, దిగుతుంది. రెండు బొమ్మల్లోనూ ఆ ఎక్కడం దిగడం ఉంది. కదలకుండా ఉండే చెరువు బొమ్మ నొప్పుల నడుమ విశ్రాంతికి బాగుంటుంది, నొప్పిలో నిలబడదు.

కొంతమందికి కళ్లు మూస్తే ఏ బొమ్మా రాదు. అది లోపం కాదు, మనుషులు అలా కూడా ఉంటారు. వాళ్లు చెవులను ఆశ్రయించాలి. గోవింద నామాలు, జపమాల, దువా, చర్చిలో పాడే పాట, లేదూ ఊరికే ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు. ఏదైనా సరే, ఇంటి దగ్గర ఒళ్లు వదిలే సాధన చేసిన ప్రతిసారీ అదే వాడండి. నెల తిరిగేసరికి ఆ పాట మొదలవగానే భుజాలు వాటంతటవే దిగుతాయి.

ఊహలో రెండో రకం ఒకటుంది, దీన్ని చాలామంది చెప్పరు. నాటకానికి రిహార్సల్ వేసినట్టు ఆ రోజంతా మనసులో ఒకసారి నడిచి రావడం. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. ఎవర్ని లేపుతారు? సంచి ఎక్కడుంది? 108 వచ్చింది, ఎక్కారు. ఆసుపత్రి గేటు, ఫినాయిల్ వాసన, ట్యూబులైటు వెలుతురు, ఇనప మంచం, పక్క మంచం మీద మూలుగుతున్న ఇంకొకామె. ఇవన్నీ ముందే కళ్లకు కట్టుకుని, ఒక్కోచోట ఆగి ఊపిరి వదలండి. వీలైతే ముందే ఒకసారి ఆ వార్డు చూసి రండి, ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్మునో అడిగితే దారి చెబుతారు. చూసిన గది కన్నా చూడని గది ఎక్కువ భయపెడుతుంది.

ఆ రిహార్సల్లో పెద్దాపరేషన్ కూడా ఉండాలి. అపశకునం అనకండి. బిడ్డ గుండె చప్పుడు తగ్గిందనో, అడ్డం తిరిగిందనో డాక్టరుగారు థియేటర్‌కి తీసుకెళ్లమంటే, స్ట్రెచర్ మీద పైకప్పు చూస్తూ వెళుతూ కూడా మీరు ఊపిరి వదలగలరు. వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు వంగి కదలకుండా కూర్చోమంటారు, వదులైన భుజాలు అక్కడ ఎంతో అక్కరకొస్తాయి. చక్కటి కాన్పునే ఊహించుకుని, చివర్లో దారి మారితే నేను సరిగ్గా చెయ్యలేకపోయానని కుమిలిపోయే తల్లుల్ని చూశాను. ఆ కుమిలిపోవడం వాళ్లకు ఎవరో అంటగట్టినది. నొప్పి లేని కాన్పు గ్యారంటీ అని వేలకు వేలు తీసుకుని కోర్సులు అమ్మేవాళ్లంటే నాకు పడదు అందుకే. వెన్నులో ఇంజెక్షన్ తీసుకుని నొప్పి తగ్గించుకున్నా అది ఓటమి కాదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కాన్పుల మార్గదర్శకాలు, నొప్పి తగ్గించమని అడిగిన ఆరోగ్యవంతురాలైన తల్లికి ఈ ఒళ్లు వదిలే పద్ధతులు, శ్వాస, సంగీతం కూడా సూచించాయి, వెన్ను ఇంజెక్షన్‌ను కూడా సూచించాయి. వీటి మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, అంత గట్టివి కావు. నొప్పి తీవ్రత కొంత తగ్గవచ్చనే చెబుతున్నాయి తప్ప అద్భుతాలేమీ చెప్పడం లేదు.

గట్టి సాక్ష్యం ఉన్నది వేరే దానికి. కాన్పు పొడవునా నమ్మకమైన మనిషి ఒకరు పక్కన ఉండటానికి. 26 పరిశోధనలు, 15,000 మందికి పైగా తల్లులు. తోడు ఉన్నవాళ్లకు మామూలు కాన్పులు ఎక్కువ, ఆపరేషన్లు తక్కువ, కాన్పు వ్యవధి కూడా కాస్త తక్కువ అని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు తోడును మన కేంద్ర ప్రభుత్వం 2016లోనే అనుమతించింది. అయినా చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. అడగండి, మర్యాదగా, గట్టిగా. వార్డులో పక్క మంచాలవాళ్లకు ఇబ్బంది అని మగవాళ్లను రానివ్వకపోతే అమ్మనో అక్కనో పంపండి.

అమ్మగారూ, ఇక మీ వంతు. ఓర్చుకో తల్లీ, ఓర్చుకో అంటూ పక్కన కూర్చుని ఏడవకండి. ఓర్చుకో అంటే పిల్ల పళ్లు బిగిస్తుంది. దానికి బదులు ఎక్కడ బిగుసుకుందో చూడండి. భుజం లేచి ఉంటే అక్కడ అరచెయ్యి వేసి, ఇక్కడ వదిలెయ్ అనండి, అంతే. ఇంటి దగ్గర రోజూ సాధన చేసేటప్పుడే ఇది అలవాటు చెయ్యండి, మీ చెయ్యి ఎక్కడ పడితే అక్కడ ఆమె వదలాలి. నడుము కింద అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవడం చాలామందికి హాయినిస్తుంది. ఫోను పక్కన పెట్టండి. పక్క ఊరి పిన్నికి ఎన్ని సెంటీమీటర్లో చెప్పాల్సిన తొందర లేదు.

మా నర్సుల గురించి కూడా ఒక మాట చెప్పి తీరాలి. నొప్పులు పడుతున్న పిల్లను కసరడం, నోర్ముయ్ అనడం, అప్పుడు తెలియలేదా అని వెకిలిగా అనడం, ఇవన్నీ నేను పనిచేసినచోటే విన్నాను. అలా అన్నాక ఏ ఊపిరి పాఠమూ పనిచెయ్యదు, అడ్రినలిన్ గురించి చెప్పానుగా. ఈ ధోరణి మారుతోంది కూడా. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. ఒక మంచం మీదే వెల్లకిలా పడుకోబెట్టకుండా, నడవనిచ్చి, వంగనిచ్చి, బంతి మీద కూర్చోనిచ్చి కాన్పు చెయ్యడం వాళ్లు నేర్చుకుంటున్నారు. అవసరం చాలా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం పెద్దాపరేషన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతమే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. ఇందులో ముహూర్తాల పాలు ఉంది, డబ్బు పాలు ఉంది, భయం పాలు కూడా ఉంది. నేనివాళ మాట్లాడింది ఆ చివరి దాని గురించే. మొదటి రెండూ ఊపిరి వదిలితే పోయేవి కావు.

ఒక హెచ్చరిక. రక్తం పోతున్నా, ఉమ్మనీరు పచ్చగా వస్తున్నా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా, నెలలు నిండకుండానే నొప్పులు మొదలైనా కళ్లు మూసుకుని సముద్రం ఊహించుకుంటూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

నేర్చుకున్నది కాన్పుతో అయిపోదు. కుట్లు వేసేటప్పుడు కావాలి. తర్వాత పాలిచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. పాలను కిందికి దించేది కూడా ఆ ఆక్సిటోసినే. నలుగురు చుట్టూ చేరి పాలు పడ్డాయా, చాలుతున్నాయా అని గుచ్చి గుచ్చి అడుగుతుంటే బాలింత భుజాలు మళ్లీ చెవులదాకా లేస్తాయి. బిడ్డను దగ్గరికి తీసుకునే ముందు వీపుకి ఒక దిండు ఆన్చి, దవడ వదిలి, పొడుగ్గా రెండు సార్లు ఊపిరి వదలండి. ఆ నలుగురిలో పెద్దావిడ ఎవరో మిగతా ముగ్గుర్నీ కాసేపు బయటికి తీసుకెళ్తే మరీ మంచిది.